పీజో బిళ్ళ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పీజో బిళ్ళ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఒత్తితే కరెంటు పుట్టే మీ వంశగుణాన్ని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. అంతటి వంశంలో పుట్టి, అలారాల్లో కీచుమంటూ కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకు అమ్ముడుపోతున్న మిమ్మల్ని ఏకంగా మృదంగ విద్వాంసుల్ని చేద్దామని ఇంటికి తెచ్చాను. ప్లైవుడ్ ముక్క, పైన రబ్బరు షీటు, మధ్యలో తమరు, పక్కన మీ గొడవ వినే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో.

మీ చెవులకు జోహార్లు. వంటింట్లో మిక్సీ తిరిగినా మీకు తాళమే. పక్క ప్యాడ్‌కు దెబ్బ తగిలితే మీరు అరుస్తారు. మీకే తగిలితే ఒక్కదానికి మూడుసార్లు. ఆవేశమొస్తే పదుల వోల్టులు కక్కుతారు, ఆర్డుయినో చిప్పు తట్టుకునేవేమో అయిదు. అందుకని ఒక మెగా ఓమ్ రెసిస్టర్‌ను, 5.1 వోల్టుల జీనర్ డయోడ్‌ను అంగరక్షకులుగా పెట్టాను (మీకు కాదు, మీ నుంచి మాకు). కోడ్‌లో మౌనవ్రతం కూడా రాశాను: దెబ్బ తిన్నాక 50 మిల్లీసెకన్లు నోరెత్తకూడదు. ఫరన్ (వేగంగా పరుగెత్తే వాయింపు) ఊపందుకోగానే దెబ్బలు మింగడం మొదలెట్టారు. తగ్గిస్తే మళ్ళీ గొణుగుడు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. మీకు తెలిసిన ప్రశ్న ఒక్కటే ఉండటమే నా బాధ: ఎంత గట్టిగా? దాన్ని ఆర్డుయినో 0 నుంచి 1023 దాకా కొలుస్తుంది, మిడి (సంగీత పరికరాలు కంప్యూటర్‌తో మాట్లాడుకునే భాష) 127 లోపలికి కుదిస్తుంది. అంచు మీద చూపుడువేలితో మీటిన ‘నం’, నడుమ అదిమి కొట్టిన ‘త’, రెండూ మీ లెక్కలో 84. మృదంగంలో తొలి పాఠమైన తధితొంనం చేతికెక్కించడానికి శిష్యులు నెలలు పడతారు, మీకు నాలుగూ ఒకటే. మృదంగం నడిమి నల్లపూత బరువు వల్లే దాని చర్మం తీగలా శ్రుతిలో పలుకుతుందని సి.వి. రామన్ సహచరుడితో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. ఆయనే వచ్చి మీ మీద వాయించినా, మీరు ముఖం మీదే “తొంభై రెండు” అనేవారు.

కాబట్టి మీ తోబుట్టువును కూడా తెస్తున్నాను. అంచున ఒకరు, నడుమ ఒకరు కూర్చోండి. ఎవరు ఎక్కువ అరిచారో పోల్చి, దెబ్బ ఎక్కడ పడిందో కోడ్ ఊహించుకుంటుంది. ఇద్దరూ కూడబలుక్కుని 84 అనకపోతే అదే పదివేలు.

ఇట్లు,
టంకం చేత పట్టిన తమ విధేయుడు