ఎరిక్‌ను కాపాడింది జనం చందాలే
శిలాజాన్ని డబ్బిచ్చి కొనడమే సైన్స్‌కి నష్టమని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట అన్నిచోట్లా నిలవదు. ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీలో 1987లో ఓపల్ అనే రత్నపు రాయిని తవ్వేవాళ్లకి దొరికిన ప్లీసియోసార్ (డైనోసార్ల కాలం నాటి సముద్ర సరీసృపం) 'ఎరిక్' సంగతే చూడండి. ఎముకలు ఓపల్‌గా మారిపోయాయి. ముక్కలు కొట్టి నగలకు అమ్మేసుకుంటే లాభమే. 1993లో జనం చందాలు వేసి కొన్నారు కాబట్టే అది సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియానికి చేరింది. కడుపు భాగంలో అది మింగిన చేపల వెన్నుపూసలు కూడా ఉన్నాయి, అవీ ఓపలే! సానబట్టే బల్ల మీదికి వెళ్తే ముందు పోయేవి అవే. పదకొండు కోట్ల ఏళ్ల కిందటి భోజనం అలా దొరకడం ఎంత అరుదు! 2006లో అది కొత్త జాతి అని తేలి ఉమూనాసారస్ అని పేరు పెట్టారు. తవ్వినవాడికి సరైన ధర ఇవ్వాల్సిందే, కొనేది మాత్రం మ్యూజియం అయ్యుండాలి.