మహారాజశ్రీ సేవ్ బటన్ గారి సముఖమునకు

కంపెనీల అమ్మకాలు, లెక్కలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌లోని మహారాజశ్రీ సేవ్ బటన్ గారికి, మీ వెనకాల తిరుగుతూ రిపోర్టులు రాసుకుని బతికే ఒక కన్సల్టెంట్ నమస్కరించి రాయునది. మీరు క్షేమమేనని తెలుసు. ఫ్లాపీ డిస్కు కంటికి కనిపించడం మానేసి ఎంత కాలమైనా, మీ మొహాన ఆ బొమ్మ చెక్కుచెదరలేదు. మా క్షేమం మాత్రం మీరు పలికే ఒక్క ముక్క మీద ఆధారపడి ఉంది: "ఆర్డర్ సేవ్ అయింది."

ఎక్కడ సేవ్ అయిందండీ?

పాత ఈసీసీ వెర్షన్‌లో, ఆర్డర్ ఎక్కించే వీఏ01 తెర మీద కస్టమరు పేరు, రెండు సరుకులు, ధర కొట్టి మిమ్మల్ని ఒక్కసారి నొక్కుతాం. మీరేమో హెడర్ (ఆర్డర్ మొత్తానికి చెందిన వివరాలు) తీసుకెళ్లి వీబీఏకే అనే డేటాబేస్ టేబుల్లో వేస్తారు. సరుకుల వరసలు వీబీఏపీలో, ఏ తేదీకి ఎంత పంపాలో వీబీఈపీలో. ఎవరికి అమ్మాం, ఎవరికి పంపాలి, డబ్బు ఎవరిస్తారు అన్నది వీబీపీఏలో. చెల్లింపు షరతులకి వీబీకేడీ. స్టేటస్‌కి వీబీయూకే ఒకటి సరిపోలేదు, వీబీయూపీ కూడా. ధర వివరాలు కేవోఎన్‌వీలో. ఇంత చేసి తెర అడుగున ఒక నంబరు చూపించి ఊరుకుంటారు. ఆడిటర్ గారేమో "ఈ ట్రాన్సాక్షన్‌కి ఏయే టేబుళ్లు మారతాయి?" అని మాకు ఒక లైను మెయిల్ పెడతారు. జవాబు సాయంత్రంలోగా కావాలట.

అమీర్‌పేటలో శాప్ నేర్చుకున్న పిల్లల్ని అర్ధరాత్రి లేపి అడిగినా ఈ పేర్లు వరసగా చెబుతారు. ఇంటర్వ్యూ గట్టెక్కడానికి అది చాలు. అయితే బట్టీ పట్టిన జాబితా ఏ టేబుల్లో ఏముంటుందో చెబుతుందే గానీ, ఇవాళ మీరు వేటిని ముట్టుకున్నారో చెప్పదు. క్లయింటు వాళ్ల కోడు ఏ యూజర్ ఎగ్జిట్‌లోనో (సొంత కోడు చేర్చుకోవడానికి శాప్ వదిలిన చోటు) దూరి, వాళ్లే తయారుచేసుకున్న ఒక జడ్ టేబుల్లో ఇంకో వరస రాస్తే, ఆ సంగతి ఏ ఇన్‌స్టిట్యూట్ నోట్సులోనూ ఉండదు.

సరే, నిఘా పెడదామని, డేటాబేస్‌కి వెళ్లే ఆదేశాల ట్రేస్ (నమోదు) తీసే ఎస్టీ05 తెరుస్తాం. ట్రేస్ ఆన్ చేసి, మిమ్మల్ని నొక్కి, ట్రేస్ ఆఫ్ చేస్తాం. తీరా చూస్తే కుప్పతెప్పలుగా సెలెక్టులు (చదివే ఆదేశాలు). వాటి మధ్య వెతికితే ఇన్సర్టులు (కొత్త వరస రాసే ఆదేశాలు) కనబడేది వీబీహెచ్‌డీఆర్, వీబీమాడ్, వీబీడేటా అనే వాటిలో. వీబీ అనగానే సేల్స్ టేబుళ్లు దొరికాయని సంబరపడే కొత్తవాళ్లకి చిన్న మనవి: ఇవి అప్‌డేట్ క్యూ (ఇంకా రాయాల్సిన పనులు వేచి ఉండే వరస) తాలూకు టేబుళ్లు. అయ్యగారి గుట్టు బయటపడేది ఇక్కడే. మీరు స్వయంగా రాసేది తక్కువ. అసలు పని వెనకాల నడిచే అప్‌డేట్ ప్రాసెస్‌కి అప్పజెప్పి, అది మొదలైందో లేదో చూడకుండానే "సేవ్ అయింది" అని ప్రకటించేస్తారు. ఆ ప్రాసెస్ ఒక్కోసారి వేరే సర్వర్‌లో నడుస్తుంది, మేం ట్రేస్ పెట్టింది ఈ సర్వర్‌లో! అన్నిట్లోనూ ఆన్ చెయ్యాలని ఎవరో సీనియర్ చెప్పేసరికి మధ్యాహ్నం అయిపోతుంది.

ఇక ఆ అప్‌డేట్ మధ్యలో కూలిందా, కస్టమరుకి ఫోన్‌లో నంబరు చెప్పేశాక తీరిగ్గా ఎక్స్‌ప్రెస్ డాక్యుమెంట్ అనే అత్యవసర సందేశం ఊడిపడుతుంది: "అప్‌డేట్ వాజ్ టెర్మినేటెడ్". వీబీఏకేలో చూస్తే ఆ ఆర్డర్ ఉండదు. నంబరు మాత్రం ఖర్చయిపోతుంది. పుట్టని బిడ్డకి బారసాల చేసిన ఘనత తమదే.

పోనీ ట్రేస్ సరిగ్గా దొరికిందే అనుకుందాం. పాత ఈసీసీలో ఇన్వాయిస్ పోస్ట్ చేసి, అకౌంటింగ్ వరసలుండే బీసెగ్ కోసం వెతికితే ఆ పేరే కనిపించదు. డేటాబేస్‌లో దాని వరసలన్నీ ఆర్ఎఫ్‌బీఎల్‌జీ అనే క్లస్టర్‌లో మూటగట్టి ఉంటాయి. కేవోఎన్‌వీది కూడా ఇదే వేషం. ఆఖరికి మార్పుల చిట్టా రాసే సీడీపోస్ కూడా ఇంకో పేరు మీదే కాపురం ఉంటుంది.

"ఆ మార్పుల చిట్టాలు, చేంజ్ డాక్యుమెంట్లు ఉన్నాయిగా, టెన్షన్ ఎందుకు?" అంటారు మీ తరఫు వాళ్లు. ఉన్నాయి. టిక్కు పెట్టిన ఫీల్డు మారితే రాస్తాయి, టిక్కు లేనిది ఎంత మారినా వాటికి పట్టదు. టేబుల్ లాగింగ్ (టేబుల్లో జరిగే మార్పులన్నీ నమోదు చేసే ఏర్పాటు) అసలు ఉన్నదే కాన్ఫిగరేషన్ టేబుళ్ల కోసం. వీబీఏపీకి ఆన్ చెయ్యమని సిస్టమ్ చూసుకునే బేసిస్ టీమ్‌ని అడిగి చూడండి, ఆ తరవాత మీ ఫోన్ ఎత్తరు.

2015లో ఈసీసీ తరవాతి తరం ఎస్/4 హానా వచ్చాక కొంత నయమని ఒప్పుకోవాలి. అకౌంటింగ్ వరసలు అక్డోకా టేబుల్లోకి, సరుకు కదలికలు మ్యాట్‌డాక్ టేబుల్లోకి చేరాయి. స్టేటస్ వచ్చి వీబీఏకే, వీబీఏపీల్లోనే కూర్చుంది. కానీ కస్టమరు లెక్కల బీఎస్ఐడీ, బీఎస్ఏడీ లాంటి పాత పేర్లని పూర్తిగా తీసెయ్యలేదు, వ్యూలుగా (సొంత వరసలు లేకుండా వేరే టేబుళ్లవి చూపించేవి) ఉంచారు. పాత రిపోర్టులు వాటిని చదువుతూనే ఉంటాయి, రాసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ట్రేస్‌లో బీఎస్ఐడీ ఇన్సర్టు కోసం ఇప్పటికీ వెతికే పెద్దమనుషులున్నారు, వాళ్లకి ఎవరైనా చెప్పండి.

మా కోరిక చిన్నది. ఆ నంబరు పక్కన ఒక చిన్న లింకు పెట్టండి. నొక్కితే, ఏయే టేబుళ్లలో ఎన్ని వరసలు చేరాయో, ఎన్ని మారాయో చూపించండి. అదీ అప్‌డేట్ ముగిశాకే సుమండీ.

జవాబు రాస్తే నేరుగా రాయండి. ఎప్పటిలా అప్‌డేట్ ప్రాసెస్‌కి అప్పజెప్పి పంపితే, కూలిన అప్‌డేట్లు కనిపించే ఎస్ఎం13లో ఎర్ర లైనై పడి ఉంటుంది.

ఇట్లు,
తమరిని రోజూ నొక్కేవాడు