ఉప్పెన కథ చెప్పేవారు ఉండగానే

కృష్ణా జిల్లా దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసి చెప్పగలిగేవారు తగ్గిపోతున్నారు. తుపానుతో సముద్రం ఊళ్లను ముంచెత్తిన 1977 నవంబరు 19న పదేళ్లున్నవారికి ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. అప్పటికే పెద్దవారైన వారిలో చాలామంది కాలం చేశారు. 2027లో ఆ విషాదానికి యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజుకి స్తూపాలకు పూలదండలు వేసి ఊరుకుంటే చాలదు, ఆ కథ బడి పిల్లలకు అందాలి.

ఇన్నాళ్లూ మనం పిల్లలకు చెప్పింది మృతుల సంఖ్య. అధికారిక లెక్కే పదివేలకు తగ్గదు. దివిసీమ వాసులు అసలు సంఖ్య ఇంకా ఎక్కువంటారు. అంకె వింటే పిల్లలు అయ్యో అంటారు, ఆ తర్వాత మరిచిపోతారు. అంతమంది ఎందుకు పోయారో చెబితే మరిచిపోరు. కృష్ణమ్మ పాయలకూ సముద్రానికీ మధ్య చదునుగా పరుచుకున్న నేల అది. కార్తీక మాసం, పొలాల్లో వరి కోతకు వచ్చిన సమయం. సుమారు ఐదారు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం కిలోమీటర్ల కొద్దీ ఊళ్లలోకి చొచ్చుకొచ్చింది. మట్టి గోడలు, తాటాకు కప్పులు ఆ నీటికి నిలవలేదు. ఎక్కి ప్రాణం దక్కించుకోవడానికి డాబా లేని కూలీలు, మత్స్యకారులే ఎక్కువగా బలయ్యారు. ఈ మాట దాచి, అంతా ప్రకృతి ప్రకోపమేనని సరిపెట్టడం పోయినవారికి చేసే అన్యాయం.

1990 మే 9న అంతే భీకరమైన తుపాను మళ్లీ కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి మృతులు వెయ్యికి లోపు. అదీ తీరని నష్టమే. కానీ ముందుగానే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు, ఉప్పెన తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు ఎందరినో కాపాడాయి. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చెప్పే పాఠం ఎనిమిదో తరగతి పిల్లలకు తప్పకుండా అర్థమవుతుంది.

పసివాళ్లకు చావుల కథలెందుకని కొందరు తల్లిదండ్రులు అంటారు. వారి బెంగను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ పిల్లలు మేడల మీద నుంచి పడవల కోసం ఎదురుచూశారు. నీటి భయం వారికి కొత్త కాదు. ఆ భయం గురించి పెద్దలు నోరు విప్పకపోవడమే వారిని ఒంటరివాళ్లను చేస్తుంది.

విజయవాడ నుంచి దివిసీమలోని అవనిగడ్డ సుమారు అరవై కిలోమీటర్ల దూరం. సముద్ర తీరాన ఉన్న హంసలదీవికి విహారయాత్ర వేసే పాఠశాలలు దారిలో ఒక పూట అవనిగడ్డలోనో కోడూరులోనో ఆగి, ఉప్పెన నుంచి బతికి బయటపడిన వృద్ధులతో పిల్లలను మాట్లాడించాలి. చెప్పడానికి ఇష్టపడని వారిని బలవంతపెట్టకూడదు. చెప్పినవారి మాటలను పిల్లలే ఫోనులో రికార్డు చేసి, ఊరి పేరు, తేదీ రాసి పాఠశాల గ్రంథాలయంలో ఉంచాలి. విద్యాశాఖ అనుమతిస్తే ఈ నవంబరులోనే మొదలుపెట్టవచ్చు.