పర్డ్యూకి ఒకటో నంబర్ ఊరికే రాలేదు

2025 నవంబర్ 3న అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ 2025-26 సీజన్ మొదలవుతోంది. సీజన్‌కి ముందు స్పోర్ట్స్ జర్నలిస్టులు ఓట్లేసి టీమ్‌లకి ర్యాంకులిచ్చే అసోసియేటెడ్ ప్రెస్ ప్రీసీజన్ పోల్ ఇప్పటికే వచ్చేసింది, ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీ ఫస్టు, హ్యూస్టన్ సెకండు, పోయిన ఏప్రిల్‌లో టైటిల్ కొట్టిన ఫ్లోరిడా మూడు, ఆ తర్వాత యూకాన్ (కనెటికట్ యూనివర్సిటీ), సెయింట్ జాన్స్, డ్యూక్, మిషిగన్, బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ), కెంటకీ, టెక్సస్ టెక్. సీజన్ మొదలవకముందే పర్డ్యూని ఒకటో నంబర్‌లో పెట్టడం ఆ యూనివర్సిటీ చరిత్రలో ఇదే మొదటిసారి. లిస్టులో మిగతా పేర్ల మీద ఎంతైనా వాదించుకోవచ్చు గానీ పైన ఆ పేరు చూసి మాకు నిజంగా సంతోషమేసింది, ఎందుకంటే ఈ రోజుల్లో టీమ్‌ని కొనుక్కోవడం తేలిక, నిలబెట్టుకోవడమే కష్టం, పర్డ్యూ ఆ కష్టమైన పనే చేసింది.

పరిస్థితి ఎలా ఉందో చూడండి. 2021 నుంచి ఆటగాడు ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని లేదు, 2024లో ఆ ఒక్కసారి అన్న లిమిట్ కూడా ఎత్తేశారు, దాంతో ఈ ఏడాది సీజన్ అవ్వగానే అబ్బాయిల వైపే రెండు వేల మందికి పైగా కాలేజీ మారాలనుకునేవాళ్ల లిస్టయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు రాయించుకున్నారు, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడేవాళ్లలో మూడో వంతు పైమాటే. డబ్బుల కోసం ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి జూన్‌లో న్యాయస్థానం ఓకే చెప్పింది కాబట్టి జులై 1 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బులు ఇవ్వొచ్చు, అన్ని ఆటలకీ కలిపి ఒక్కో యూనివర్సిటీకి 2025-26లో దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు. ఆటగాళ్లకి డబ్బు రావడం తప్పని మేము ఎప్పుడూ అనలేదు, అనం కూడా. టీవీ కాంట్రాక్టులు, కోచ్‌ల జీతాలు ఆకాశాన్నంటుతుంటే బాస్కెట్‌బాల్ కోర్టులో చెమటోడ్చిన కుర్రాళ్లకి స్కాలర్‌షిప్‌తో సరిపెట్టడం దశాబ్దాలపాటు జరిగిన అన్యాయం. మా బాధ వేరే, ఏటా మొత్తం టీమ్ మారిపోతే ఆ జెర్సీ వేసుకున్నవాడికీ ఆ కాలేజీకీ మధ్య మిగిలేది ఏంటి?

పర్డ్యూలో మిగిలింది చాలా ఉంది. బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లాయర్ ఇద్దరూ 2022లో ఫ్రెష్‌మన్‌లుగా, అంటే మొదటి ఏడాది విద్యార్థులుగా వచ్చారు, ట్రే కాఫ్‌మన్-రెన్ అంతకంటే ఒక ఏడాది ముందే వచ్చాడు. 2023 మార్చిలో, సీజన్ చివర జరిగే జాతీయ టోర్నమెంట్‌లో వీళ్ల టీమ్ నంబర్ 1 సీడ్‌గా, అంటే టాప్ ర్యాంకుతో ఉండి అట్టడుగు 16వ సీడ్ ఫేర్లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడిపోయింది, మగవాళ్ల టోర్నమెంట్ చరిత్రలో అలా జరగడం అది రెండోసారి మాత్రమే, దేశమంతా నవ్వింది. మరుసటి ఏడాదే ఫైనల్‌కి వెళ్లారు, యూకాన్ మీద 75-60తో పోయింది. జాక్ ఈడీ అంతటి ఆటగాడు ఎన్‌బీఏకి వెళ్లిపోయాక కూడా ఈ ముగ్గురూ కదల్లేదు. ఈ మార్చిలో ఇండియానాపోలిస్‌లో హ్యూస్టన్‌తో మ్యాచ్ 60-60 దగ్గర ఉండగా చివరి సెకనులో హ్యూస్టన్ ఆటగాడు మిలోష్ ఊజన్ బుట్ట దగ్గర్నుంచి లేఅప్ షాట్ వేసి పర్డ్యూని ఇంటికి పంపేశాడు, అయినా మళ్లీ వచ్చారు. పోయిన సీజన్‌లో రీబౌండ్ల దగ్గర, అంటే గురితప్పిన షాట్ల బంతిని అందుకోవడంలో టీమ్ బాగా తేలిపోయింది, అందుకని కోచ్ మ్యాట్ పెయింటర్ పోర్టల్‌లోంచి సౌత్ డకోటా స్టేట్ సెంటర్ ఆస్కార్ క్లఫ్‌ని తెచ్చాడు, ఎక్కడ లోటుందో అక్కడే ఒక మనిషిని వేశాడు తప్ప ఇల్లంతా పడగొట్టి కట్టలేదు. పోర్టల్‌ని వాడాల్సిన పద్ధతి అదీ అని మా అభిప్రాయం. పాయింట్ గార్డ్ స్మిత్ ఇంకో రికార్డు మీద కూడా కన్నేశాడు, డ్యూక్‌లో బాబీ హర్లీ 1993లో వదిలివెళ్లిన 1,076 అసిస్ట్‌లు (తోటివాడు స్కోర్ చేసేలా ఇచ్చే పాస్‌లు), అదొక్కటి చాలు నాలుగేళ్లు ఒకే చోట ఆడటం అంటే ఏంటో చెప్పడానికి.

హ్యూస్టన్ కూడా ఇదే కోవలోది. పోయిన ఏప్రిల్ ఫైనల్లో 12 పాయింట్లు ముందుండి 65-63తో ఫ్లోరిడాకి వదిలేసుకున్నారు, చివరిసారి బంతి చేతికొచ్చినప్పుడు షాట్ కూడా వేయలేకపోయారు, అప్పుడు బంతి చేతిలో ఉన్న ఇమ్మాన్యుయెల్ షార్ప్ ఈ ఏడాది తిరిగొచ్చాడు, ఊజన్ వచ్చాడు, జోజో టగ్లర్ ఉన్నాడు, కోచ్ కెల్విన్ శాంప్సన్‌కి 70 నిండాయి, ఆయన చేతిలో ఇంకా టైటిల్ లేదు. మాకు పర్డ్యూ తర్వాత నమ్మకం ఉన్నది ఈ టీమ్ మీదే.

మరి ఫ్లోరిడా గెలిచింది ట్రాన్స్‌ఫర్లతోనే కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, వాల్టర్ క్లేటన్ అయోనా నుంచి వచ్చాడు, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి. కానీ క్లేటన్ ఫ్లోరిడాలో రెండేళ్లు ఆడాడు, రిచర్డ్ మూడేళ్లు. వచ్చినవాళ్లు ఉండిపోయారు, తేడా అంతా అక్కడే ఉంది. సెయింట్ జాన్స్‌కి ఐదో ర్యాంకు ఇవ్వడం మాకు తొందరపాటుగానే కనిపిస్తోంది, జూబీ ఎజియోఫోర్ తప్ప దాదాపు అందరూ కొత్తవాళ్లే, బంతి ఎవరి చేతిలో ఉండాలో ఇంకా తేలలేదు, రిక్ పిటీనో గొప్ప కోచ్ అన్నదాంట్లో డౌట్ లేదు గానీ జనవరి దాకా ఆ టీమ్ కుదురుకుంటుందని మేము అనుకోవడం లేదు. డ్యూక్‌లో కామెరన్ బూజర్, బీవైయూలో ఏజే డిబాంట్సా ఆట చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, కానీ ఒక్క ఏడాదికే వచ్చి వెళ్తారన్నది అందరికీ తెలిసిందే.

పోల్‌నే పట్టుకుని వేలాడొద్దని కూడా చెప్పాలి. ప్రీసీజన్ ఒకటో నంబర్‌గా ఉండి టైటిల్ గెలిచిన చివరి టీమ్ 2009లో నార్త్ కరోలినా. అదే నార్త్ కరోలినా 2022-23లో ఒకటో నంబర్‌తో మొదలుపెట్టి 68 టీమ్‌ల టోర్నమెంట్‌లోకే రాలేదు, ఆ ఏడాది పోల్‌లో టాప్ 25లో కూడా లేని యూకాన్ కప్పు ఎత్తుకుపోయింది. కాన్సస్ వరసగా రెండేళ్లు ఒకటో నంబర్‌గా మొదలై రెండో వారం దాకా కూడా రాలేకపోయింది. ఫ్లోరిడా పోయినేడు మొదలుపెట్టింది 21లో. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే అన్న టోర్నమెంట్‌లో ఎవరికీ గ్యారంటీ లేదు, పర్డ్యూకీ లేదు.

అందుకే ఎవరు గెలిచినా మేము అడిగేది ఒకటే, యూనివర్సిటీలు ఆ డబ్బుని ఉన్నవాళ్లని నిలుపుకోవడానికి పెట్టాలి, రెండు మూడేళ్ల ఒప్పందాలు చేసుకోవాలి, డిగ్రీ పూర్తి చేసినవాడికి అదనంగా ఇవ్వాలి. ఆ ఖర్చుని మాత్రం స్టూడెంట్ల ఫీజుల్లో కలపొద్దు, పర్డ్యూలో, హ్యూస్టన్‌లో, టెక్సస్ టెక్‌లో చదివే మన పిల్లలు బోలెడంత మంది లోన్లు తీసుకుని ఆ ఫీజులు కడుతున్నారు. ఆ పిల్లలకి కూడా ఒక మాట, క్యాంపస్‌లో ఉన్నన్నాళ్లూ ల్యాబు, పార్ట్‌టైమ్ జాబు అని ఆ అరీనా గుమ్మం తొక్కకుండా వచ్చేయకండి, స్మిత్, లాయర్ పర్డ్యూ సొంత స్టేడియం మాకీ అరీనాలో ఆడేది ఈ 2025-26 ఒక్క సీజనే, స్టూడెంట్ టికెట్లు అయిపోకముందే చూసుకోండి.