అట్టపెట్టెలో ఆర్‌ఎక్స్100

“ఆర్‌ఎక్స్100 అమ్మబడును. సింగిల్ ఓనర్. ఎక్కువ తిరగలేదు. ఒక్క గీత లేదు. ఒరిజినల్ బిల్లు, అట్టపెట్టె ఉన్నాయి. 12 వేలు. కాకినాడ.”

ఇదీ నేనిచ్చిన ప్రకటన. ఇందులో అబద్ధం ఒక్కటుంటే చూపించండి. వరసగా అన్నీ నిజాలే చెప్పి కూడా మనిషి దొంగ అనిపించుకోవచ్చని ఆ ఆదివారం దాకా నాకు తెలీదు.

నేను అమ్మదల్చుకున్నది కెమెరా. సోనీవాళ్లు 2012లో తెచ్చిన సైబర్‌షాట్ ఆర్‌ఎక్స్100. చొక్కా జేబులో పడుతుంది, బ్యాటరీతో కలిపి 240 గ్రాములు. అంత బుల్లి పెట్టెలో ఒక అంగుళం రకం సెన్సారు, 20 మెగాపిక్సెళ్లు కుక్కారు. 2013లో మా బావమరిది సింగపూర్ నుంచి వస్తుంటే చెప్పి మరీ తెప్పించుకున్నాను. కొన్నేళ్లు మెళ్లోంచి తియ్యలేదు. తర్వాత ఫోన్లే కెమెరాలైపోయి, పాపం అది బీరువాలో పట్టుచీరల మధ్య కలరా ఉండల వాసన పీలుస్తూ కూర్చుంది. “దాని జాగాలో రెండు చీరలు పడతాయి” అని మా ఆవిడ లెక్క తేల్చాక ఇక అమ్మక తప్పలేదు.

ప్రకటన నేను చెబుతుంటే మా అబ్బాయి ఫోన్లో కొట్టాడు. పేరు కొట్టగానే ఏ వర్గంలో వెయ్యాలో ఆ యాప్ తనే నిర్ణయించేసుకుందట. అదేమిటో వాడు చూళ్లేదు, నేను అడగలేదు. ఫోటో దగ్గర మాత్రం వాడికి తెలివి ఎక్కువైంది. “కెమెరా ఫోటో పెడితే ఏం తెలుస్తుంది నాన్నా, అది తీసిన ఫోటో పెడితే కదా దాని సత్తా తెలిసేది” అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. కార్డులో వెతికి 2013 దసరానాడు రామచంద్రపురంలో మా బాబాయి ఇంటి ముందు తీసినది పెట్టాడు. అద్భుతమైన ఫోటో. బంతిపూల దండ, పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. వాటన్నిటి మధ్యా ఆయుధపూజ చేయించుకుంటున్న మా బాబాయి బండి.

బాబాయి బండి యమహా ఆర్‌ఎక్స్100.

ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదంటే మీరు నమ్మరు. మా ఆవిడా నమ్మలేదు.

ఆ బండి గురించి తెలియనివాళ్లుంటే నాలుగు ముక్కలు. 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. 98 సీసీ ఇంజను, టూ స్ట్రోకు, పదకొండు గుర్రాల బలం. బండి బరువేమో దాదాపు వంద కిలోలు. అంటే తొమ్మిది కిలోలకో గుర్రాన్ని కట్టినట్టు. అందుకే యాక్సిలరేటర్ తిప్పితే చాలు, వెనక కూర్చున్నవాడు మరో వీధిలో తేలేవాడు. ఆగిపోయి ఇన్నేళ్లయినా దాని పేరు చెబితే ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు కూడా చెవి కోసుకుంటారు. అలాంటి బండిని నేను పన్నెండు వేలకు, అదీ అట్టపెట్టెతో సహా ఇస్తానన్నాను.

మొదటి ఫోను తెల్లారి ఆరింటికి, మండపేట నుంచి.

“సార్, ఆర్‌ఎక్స్ ఉందాండీ, వెళ్లిపోయిందాండీ?”

“ఉంది బాబూ.”

“ఎంత తిరిగిందండీ?”

“పెద్దగా లేదు. యానాం, ద్రాక్షారామం, అన్నవరం. ఒక్కసారి ఊటీ.”

“ఊటీ ఎక్కేసిందాండీ!”

ఎక్కక ఏం చేస్తుంది, మెళ్లో వేసుకుంటే? “ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు” అన్నాను.

“బాడీ ఒరిజినలేనాండీ?”

కెమెరాలవాళ్లు కూడా బాడీ అనే అంటారు. కుర్రాడికి విషయం తెలుసని ముచ్చటేసింది. “అంతా ఒరిజినలే. లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదు.”

“సౌండండీ?”

“సౌండు నేనే తీయించేశాను. గుళ్లోకి తీసుకెళ్తే పూజారిగారు విసుక్కుంటున్నారు.”

అవతల కాసేపు చప్పుడు లేదు. “గుళ్లోకాండీ?”

“కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చులే. మెనూలో ఉంటుంది.”

“మెనూరాండీ? అది ఏ మండలమండీ?”

జోకేశాడనుకుని నవ్వాను. అతను నవ్వలేదు. గొంతు తగ్గించి, “అట్టపెట్టె ఉందని రాశారు, నిజమేనాండీ?” అన్నాడు.

“థర్మోకోలుతో సహా ఉంది. వాడనప్పుడు అందులోనే పెడతాను.”

“సార్, దండం పెడతాను, ఇంకెవరికీ మాటివ్వకండి. ట్రాలీ ఏసుకుని వచ్చేత్తన్నాం.”

ట్రాలీ అంటే చక్రాల సూట్‌కేసు అనుకున్నాను. 240 గ్రాముల వస్తువుకి సూట్‌కేసా? ఎంత జాగ్రత్తపరుడో అని మా ఆవిడతో మెచ్చుకోలుగా కూడా చెప్పాను.

పది గంటలకు గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి కుర్రాడు, కుర్రాడి బావ, రెండు మోకులు, ఒక పాత పరుపు దిగాయి. వెనకాలే తన ఆర్‌ఎక్స్100 మీద పొగ చిమ్ముకుంటూ ఒక మెకానిక్కు వచ్చాడు. బండి చూసి బాగోగులు చెప్పడానికి తెచ్చుకున్నారట. వాళ్లని కూర్చోబెట్టి, మా ఆవిడ కాఫీ ఇస్తుంటే, నేను లోపలికెళ్లి కెమెరా పెట్టె తెచ్చి బల్లమీద పెట్టాను.

ముగ్గురూ దాన్ని చూశారు. తర్వాత నా వెనకాల గుమ్మంకేసి చూశారు, ఇంకా ఏదో వస్తుందన్నట్టు.

“తాళమాండీ ఇందులో?” అన్నాడు కుర్రాడు.

“ఇదే ఆర్‌ఎక్స్100” అన్నాను.

ఆ తర్వాత ఒక నిమిషం మా ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దాన్ని మెకానిక్కు పగలగొట్టాడు. ప్రకటనలోని ఫోటోని రెండు వేళ్లతో సాగదీసి నంబరు ప్లేటు మీద ఆపాడు. ఇరవై మెగాపిక్సెళ్ల మహిమ, అంకెలు మేకుల్లా కనబడుతున్నాయి. “ఈ బండి నాకు తెలుసండి. రామచంద్రపురం మాస్టారిది. ఆరేడు సార్లు నేనే సర్వీసింగు చేశాను. ఆయన బండి మీరెలా అమ్ముతున్నారండి?”

“నేను బండి అమ్మట్లేదయ్యా.”

“మరి ఫోటో ఎందుకెట్టారండి?”

“కెమెరా ఎంత బాగా తీస్తుందో చూపించడానికి.”

“ఊటీ ఎందుకెక్కించారండి?”

దీనికి నా దగ్గర జవాబుంది గానీ వినే ఓపిక వాళ్లకు లేదు. మెకానిక్కు అప్పటికే మా బాబాయికి ఫోను కలిపేశాడు. “మాస్టారూ, మీ బండి కాకినాడలో బేరం పెట్టేశారండి” అన్నది ఒక్కటే నాకు వినబడింది. రామచంద్రపురం నుంచి మా ఇల్లు ముప్ఫై కిలోమీటర్లు. “అక్కడే ఉండండి, ఎవర్నీ కదలనివ్వకు” అన్న బాబాయి కేక మాత్రం ఫోను అవసరం లేకుండానే వచ్చినట్టుంది.

ఆ గంటసేపూ మమ్మల్ని మా మావగారు కాచారు. ఆయన పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌గా రిటైరయ్యారు. నలుగురు మనుషులు, ఎటూ వెళ్లలేని పరిస్థితి. ఆయనకి ఇంతకన్నా మంచి క్లాసు దొరకదు.

“తప్పు అల్లుడుగారిది కాదు, పేర్లది” అని మొదలెట్టారు. “ఈ యమహా, సోనీలకు ఇది కొత్తా? యమహావాళ్లు 1998లో ఆర్1 అని రేసు బండి తెచ్చారు. 2005లో సోనీవాళ్లు ఆర్1 అని కెమెరా తెచ్చారు. అంతకు ముందెప్పుడో, మా వాడుండే హ్యూస్టన్‌లోనే, రైస్ యూనివర్సిటీవాళ్లు వాక్యూమ్ ట్యూబులతో కట్టుకున్న కంప్యూటర్ పేరూ ఆర్1. 1971 దాకా పనిచేసింది.”

ముగ్గుర్లో ఎవరూ ఉలకలేదు. ఆయనకి అది ప్రోత్సాహంలా అనిపించింది.

“పోనీ జడ్1 తీసుకోండి. నా దగ్గరున్న కెమెరా మినోల్టా జడ్1. 2003 నాటిది, మూడు మెగాపిక్సెళ్లు, పది రెట్ల జూము. కవాసాకివాళ్లది కూడా జడ్1 ఉంది, 1972లో వచ్చింది, 903 సీసీ.”

తొమ్మిదొందల మూడు అనేసరికి మెకానిక్కు కాఫీ గ్లాసు కింద పెట్టి ముందుకు జరిగాడు.

“వీటికి తాత ఇంకోటుంది. బెర్లిన్‌లో కోన్రాడ్ జూజె అనే కుర్ర ఇంజనీరు 1936లో మొదలెట్టి 1938కి పూర్తిచేశాడు. లెక్కలు చేసే యంత్రం. కరెంటుతో నడిచే మోటారు తిప్పుతుంటే పల్చటి లోహపు రేకులు అటూ ఇటూ జరుగుతూ లెక్క కడతాయి. ఏం చెయ్యాలో దానికి చెప్పడానికి పాత సినిమా ఫిల్ముకి చిల్లులు పెట్టేవాడు. బరువు సుమారు టన్ను. ఎక్కడ కట్టాడో తెలుసా? అమ్మానాన్నల ఇంట్లో, ముందుగదిలో!”

“ఆ తల్లి ఎలా ఊరుకుందండీ?” అంది మా ఆవిడ, నా కెమెరాకేసి చూస్తూ.

“మొదట దానికి పెట్టిన పేరు జడ్1 కాదమ్మా, వీ1. వాళ్ల భాషలో ప్రయోగ నమూనా అనే మాటకి మొదటి అక్షరం. తీరా యుద్ధంలో హిట్లరు వదిలిన ఎగిరే బాంబు పేరు కూడా వీ1 అయి కూర్చుంది. దాంతో యుద్ధం అయ్యాక ఆయన తన యంత్రాలకి ఇంటిపేరులోని జడ్ పెట్టుకున్నాడు. కానీ ఆ పోలిక ఒకసారి కలిసొచ్చిందంటారు. 1945లో నాలుగో యంత్రాన్ని బెర్లిన్ దాటిస్తుంటే, వీ4 అనే పేరు విని అదేదో కొత్త బాంబు అనుకుని సాయం చేశారట.”

బాంబు అన్న మాట గుమ్మం దాటి వెళ్లినట్టుంది. ఆటో డ్రైవరు బండి స్టార్ట్ చేసి పక్కింటి ముందుకు జరుపుకున్నాడు.

మావగారు వాళ్లబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన తన జడ్1ని చూపిద్దామని లేచేలోగా వీధి మలుపులో ఆ చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, విననివాళ్లకి చెప్పలేం. అరవయ్యేడేళ్ల మా బాబాయి, వాకిట్లో బండి స్టాండు వేసి, హెల్మెట్టుతోనే లోపలికొచ్చారు.

“ఏరా, నా బండి అమ్ముతావుట్రా?”

మూడు నోళ్లు ఒకేసారి సంగతి చెప్పాయి. ఆయనకేం అర్థమైందో ఏమో గానీ, “ఏదీ ఆ ఫోటో” అన్నారు. మా అబ్బాయి కెమెరాలో కార్డు పెట్టి, తెరమీద పెద్దది చేసి చూపించాడు. బాబాయి హెల్మెట్టు తీసి, కళ్లజోడు పెట్టి, నంబరు ప్లేటు నుంచి మొదలుపెట్టి బండంతా పరీక్షగా చూసుకుంటూ పెట్రోలు ట్యాంకు దగ్గర ఆగిపోయారు.

“ఇంకొంచెం పెద్దది చెయ్యరా.”

చేశాడు.

“మూత మీద సొట్ట కనిపిస్తోందా?”

అందరికీ కనిపించింది. బఠాణీ గింజంత సొట్ట. అంతకు ముందటి దసరాకి దిష్టి తీసి కొట్టబోతే కొబ్బరికాయ చెయ్యి జారి పడిందట. “ఒరిజినల్ మూతరా అది. సర్వీసింగుకి ఇచ్చి తెచ్చుకున్నాక సొట్ట లేదు. ఇదేమిట్రా అంటే ‘సొట్ట తీసేశానండి మాస్టారూ’ అన్నాడు వీడు. నేను నమ్మి యాభై రూపాయలు ఎక్కువిచ్చాను.”

మెకానిక్కు కాఫీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అది ఖాళీ గ్లాసు.

ఎవరూ ఏమీ అనకుండానే మేమంతా బయటికి నడిచాం. వాకిట్లో రెండు ఆర్‌ఎక్స్100లు పక్కపక్కనే ఉన్నాయి. బాబాయి బండి ట్యాంకు మూత అద్దంలా నున్నగా ఉంది. మెకానిక్కు బండి మూత మీద, బఠాణీ గింజంత...

“ఆయ్... మోడలు ఒకటే కదండీ, మూతలు మారిపోతుంటాయండి” అన్నాడు మెకానిక్కు నీళ్లు నములుతూ.

“మోడలు ఒకటే, కొబ్బరికాయ మాత్రం నాదిరా” అన్నారు బాబాయి.

మూతలు అక్కడే మార్చుకున్నారు. మండపేట కుర్రాడు వచ్చినందుకు బాబాయి బండి మీద మా వీధి చివరిదాకా వెళ్లొచ్చి, దిగాక కూడా చాలాసేపు హ్యాండిల్ వదల్లేదు. ఇస్తారా అని అడిగాడు. బాబాయి వినబడనట్టు ఊరుకున్నారు. పరుపు ఖాళీగానే తిరిగెళ్లింది.

కెమెరా సంగతి అంటారా? వెళ్తూ వెళ్తూ బాబాయి దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు. “సర్వీసింగుకి ఇచ్చే ముందు నాలుగు పక్కలా ఫోటోలు తీసి ఉంచుకోవాల్రా” అన్నారు. పన్నెండు వేల గురించి నేను నోరు తెరిచేలోగా కిక్కు కొట్టారు. ఆ చప్పుడులో నేనేమన్నా వినబడదు.

బీరువాలో ఆ జాగా ఖాళీ అయింది. “నా జడ్1 అందులో పెట్టుకోనా అమ్మా” అని మావగారు అడిగారు గానీ, మా ఆవిడ అప్పటికే చీరలు కొనేసింది.