మోస్తార్ వంతెనపై తీర్పు: చట్టం తూకానికి అందని కట్టడం

బోస్నియాలోని మోస్తార్ నగరంలో నెరెత్వా నదిపై 1566లో ఒట్టోమన్ వాస్తుశిల్పి మిమార్ హైరుద్దీన్ కట్టిన ఒంటికమాను వంతెన 1993 నవంబర్ 9న క్రొయేట్ దళాల ఫిరంగి దాడికి కూలిపోయింది. తెనెలియా అనే స్థానిక సున్నపురాతిని చెక్కి, రాయికీ రాయికీ మధ్య ఇనుప బందాలు దిగేసి, వాటి చుట్టూ కరిగిన సీసం పోసి బిగించిన పనితనం అది. ఆ విధ్వంసం నేరమా కాదా అన్న ప్రశ్నపై అంతర్జాతీయ న్యాయం తడబడిందనే నా అభిప్రాయం.

యుద్ధకాలంలో సాంస్కృతిక సంపదను కాపాడాలని దేశాలను కట్టడి చేసిన 1954 నాటి హేగ్ ఒప్పందమే, అత్యవసర సైనిక అవసరం పేరిట ఆ బాధ్యతకు మినహాయింపు కూడా ఇచ్చింది. యుగోస్లావియా యుద్ధనేరాల ట్రైబ్యునల్‌లోనూ వాదన ఈ సైనిక అవసరం చుట్టూనే తిరిగింది. వంతెన మీదుగా బోస్నియా సైన్యానికి సరఫరాలు అందుతున్నందున అది సైనిక లక్ష్యమేనని 2013లో విచారణ ధర్మాసనం అంగీకరించింది; అయినా అది కూలడంతో కుడిగట్టున దొన్యా మహాలా వాసులు దాదాపు పూర్తిగా ఒంటరులయ్యారని, ముస్లిం పౌరులకు కలిగిన నష్టం సైనిక ప్రయోజనాన్ని మించిపోయిందని తేల్చింది. 2017లో అప్పీలు ధర్మాసనం, నిందితులైన బోస్నియా క్రొయేట్ నాయకుల ఇతర నేరాలకు వేసిన శిక్షలను మార్చకుండానే, సైనిక లక్ష్యాన్ని కూల్చడం ‘సైనిక అవసరం లేని విధ్వంసం’ అనే నేరం కిందికి రాదంటూ వంతెనకు సంబంధించిన నిర్ధారణను మెజారిటీతో కొట్టేసింది. న్యాయమూర్తి ఫౌస్తో పొకార్ విభేదించారు. ఆయన వైపే న్యాయం ఉందని నేను నమ్ముతాను.

మాలీ దేశంలోని టింబక్టూలో 2012లో సమాధి మందిరాలను కూల్చిన అహ్మద్ అల్ ఫకీ అల్ మహ్దీకి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2016లో తొమ్మిదేళ్ల శిక్ష వేయగలిగింది. నిందితుడు నేరం ఒప్పుకున్నాడు, ఆ మట్టి కట్టడాలు సైనిక లక్ష్యాలు కావు, కాబట్టి చిక్కు రాలేదు. వంతెన సంగతి వేరు. జనం దాటడానికే కట్టినది గనుక యుద్ధంలో సైనికులూ దాటుతారు. దాని ఉపయోగమే దాని రక్షణకు ఎసరు పెడుతుంది. హేగ్ ఒప్పందానికి అనుబంధమైన 1999 నాటి రెండో ప్రొటోకాల్ కింద హెచ్చు రక్షణ దక్కాలన్నా, సైనిక అవసరాలకు వాడబోమన్న హామీ ఉండాలి. వాడుకలో ఉన్న చారిత్రక వంతెనకు, యుద్ధం నడిమధ్య, ఆ హామీ ఎవరివ్వగలరు?

అందుకే ఇలాంటి కేసుల్లో సైనికాధికారుల సాక్ష్యంతో సమానంగా వాస్తుశిల్పుల, నగర చరిత్రకారుల సాక్ష్యాన్నీ తూచాలి. 2004లో వంతెనను తిరిగి కట్టారు, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పీలు తీర్పు మాత్రం ఆ తర్వాత పన్నెండేళ్లకు వచ్చి కూడా, వంతెన విలువను ఆనాటి సైనిక సరఫరాల లెక్కకే కుదించింది.