కంచెలో పెట్టి కాల్చడం వేటా?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. అమెరికాలోని టెక్సాస్‌లో, డబ్బు తీసుకుని కంచెల్లో జంతువులను కాల్పించే వేట రాంచ్‌ల ధరల పట్టికల్లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. కృష్ణజింక పోతుకు ఇంత, చుక్కల జింకకు ఇంత, బసకు ఇంత, గైడుకు ఇంత. నవంబరులో అక్కడి స్థానిక జాతి అయిన తెల్లతోక జింకల సీజన్ మొదలైతే ఈ బేరాల జోరు పెరుగుతుంది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలోనూ కొందరికి వీటి మీద మోజు. మన జింకలకైతే ఆ సీజన్ కూడా అక్కర్లేదు. 1932లో టెక్సాస్ చేరిన ఈ జాతులను అక్కడి చట్టం పరాయి జంతువులుగానే చూస్తోంది. వేట లైసెన్సు, భూయజమాని ఒప్పుదల ఉంటే చాలు, ఏడాది పొడవునా ఎన్నింటినైనా కాల్చవచ్చు. అమెరికాలో వేట ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఎనిమిదడుగుల కంచె లోపల ఎటూ పోలేని జంతువును కాల్చి, దానికి వేట అని పేరు పెట్టడం పచ్చి మోసం.

ఆ కంచెల వెనక జరిగేది ఏమిటో చూడండి. తెల్లతోక జింక కొమ్ములకు ధర పలికేది అంగుళాల్లో. ప్రధాన కొమ్ముల పొడవు, వాటి మీద ప్రతి కొన పొడవు, ఒక్కో వైపు నాలుగు చోట్ల చుట్టుకొలత, రెండు కొమ్ముల మధ్య ఎడం, అన్నీ అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలిచి కూడతారు. మామూలు ఆకృతి కొమ్ములకు వేటగాళ్ల సంఘమైన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు సార్వకాలిక రికార్డుల్లో చోటు దొరకాలంటే 170 అంగుళాలు ఉండాలి. అడవిలో అయిదారేళ్లు బతికి, మేత దొరికి, వంశం కలిసొస్తే తప్ప అంత రాదు. పెంపక దొడ్లలో 200 దాటించడం మామూలైంది. పెద్ద కొమ్ముల పోతు వీర్యాన్ని, సన్నని గొట్టాల్లో గడ్డకట్టించి ఉంచినదాన్ని, స్ట్రాల లెక్కన కొంటారు. ఆడజింకలన్నీ ఒకేసారి ఎదకు వచ్చేలా హార్మోన్ పెట్టి, లాపరోస్కోపీతో చూలు కట్టిస్తారు. పుట్టిన కూనను చాలాచోట్ల తల్లి దగ్గర ఉంచరు. మనిషిని చూసి బెదరకుండా ఉండాలని సీసాతో పాలు పట్టి పెంచుతారు. ఆ తర్వాత 16 నుంచి 20 శాతం మాంసకృత్తులున్న దాణా, చెవికి నంబరు బిళ్ల. కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి కనుక ఏ ఏడు ఎంత పెరిగిందీ రాసి ఉంచుతారు. మన పాడి రైతు గేదెకు చేసే చాకిరీ ఇలాంటిదే. కానీ ఏ రైతూ తన గేదెను అడవి మృగమని చెప్పి అమ్మడు.

కాల్చే రోజు సంగతి మరీ ఘోరం. మూడుకాళ్ల స్టాండు మీద పీపా, దాని అడుగున టైమరు, బ్యాటరీతో తిరిగే పళ్లెం. ఇదే ఫీడరు. పెట్టిన వేళకు ఆ పళ్లెం కొన్ని సెకన్లు గిర్రున తిరిగి మొక్కజొన్న గింజలు చుట్టూ వెదజల్లుతుంది. ఆ మోటారు చప్పుడు వినగానే జింక పారిపోదు, దగ్గరికి వస్తుంది. చిన్నప్పటినుంచీ మనిషి చేతి మేత తిన్న జీవం కదా! ఎదురుగా మాటులో కుర్చీ, తుపాకీ ఆనించుకోవడానికి దన్ను. ఏ జింకను కాల్చాలో కెమెరా ఫొటోల్లో ముందే ఎంచుకుని ఉంటారు. జింక పడకపోతే డబ్బు కట్టక్కర్లేదని చాలా రాంచ్‌లు హామీ ఇస్తాయి. గాయపడి రక్తం చిందిస్తే మాత్రం, జింక దొరకకపోయినా పూర్తి ధర కట్టాల్సిందే. దొరకడం ఖాయమని ముందే మాట ఇవ్వగలిగినప్పుడు అది వేట ఎలా అవుతుంది? వేల ఎకరాల్లో దాక్కోవడానికి కావలసినంత చోటుందని వాదించేవారున్నారు. దాక్కోవడం వేరు, తప్పించుకోవడం వేరు.

ఈ వ్యాపారానిది మొదటినుంచీ రెండు నాల్కల ధోరణే. డబ్బు కట్టేవాడి ముందు అది అడవి జింక. రోగ పరీక్షలు, రవాణా ఆంక్షలు అనగానే అదే జింక సొంత ఆస్తి. తెల్లతోక జింకలు ప్రజల సొత్తనీ, పెంపకందారుకు ఉన్నది అనుమతి మాత్రమేననీ టెక్సాస్ చట్టం చెబుతున్నా, దొడ్డిలో పుట్టినవి మావేనంటూ పెంపకందారులు కోర్టుకెక్కారు. 2019లో ఆస్టిన్ అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అడవిదైతే కంచె ఎందుకు? పశువైతే వేట అన్న పేరెందుకు?

రోగ పరీక్షలు తప్పించుకోవాలనుకోవడం చిన్న విషయమేమీ కాదు. జింకల మెదడును తినేసి, చిక్కి శల్యమయ్యేలా చేసి చంపే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్‌ను తొలుత గమనించింది 1967లో, కొలరాడోలో బంధించి ఉంచిన మ్యూల్ జింకల్లో (అమెరికాలోని మరో జింక జాతి). టెక్సాస్‌లో 2012లో పశ్చిమ కొసన అడవి మ్యూల్ జింకల్లో, 2015లో మెదీనా కౌంటీలోని ఒక పెంపక కేంద్రంలో బయటపడింది. మందు లేదు, టీకా లేదు. దీనికి కారకమైన ప్రయాన్ అనే వికృత ప్రొటీను ఉమ్ము, మూత్రం, పేడల ద్వారా మట్టిలో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సోకిన జింక నెలల తరబడి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కచ్చితంగా తేల్చాలంటే చచ్చాక మెదడు కాండం, గొంతు దగ్గరి లింఫ్ గ్రంథులు కోసి చూడాలి. బతికుండగా చేసే పరీక్షకు తొలిదశ చిక్కకపోవచ్చు. ఒకే ఫీడరు దగ్గర పదేపదే మూతులు పెట్టే మందలో ఇది పాకడం తేలిక. కంచెకు అటూ ఇటూ నిలిచిన జింకలు మూతులు ఆనించినా చాలు. అడవిలో జింక కాలినడకన ఎంత దూరం పోగలదు? అదే కొమ్ముల కోసం ట్రక్కెక్కిస్తే ఒక్క రాత్రిలో వందల మైళ్లు దాటుతుంది. తీరా రోగం తేలితే మందకు మందను చంపాల్సి వస్తోంది.

ఈ రాంచ్‌ల వల్లే కొన్ని జాతులు బతికాయన్న మాటలో నిజం లేకపోలేదు. పాకిస్తాన్‌లో కనుమరుగైన కృష్ణజింకను 1970ల్లో టెక్సాస్ మందల నుంచే తిరిగి తీసుకెళ్లారు. అయితే వెళ్లినవి ప్రాణంతో ఉన్న జింకలు, గోడకు తగిలించే తలలు కావు. చుక్కల జింకకు ఆ సాకు కూడా లేదు. అది మన అడవుల్లో మందలు మందలుగా ఉంది.

దీన్ని ఎండగట్టింది జంతుప్రేమికులే అనుకుంటే పొరపాటు. తప్పించుకోలేని కంచెలో చంపిన జంతువును బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు తన రికార్డుల్లోకి రానివ్వదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో పెట్టిన వేటగాళ్ల సంఘమది. మోంటానాలో 2000లో వేటగాళ్లే ముందుండి ప్రజాభిప్రాయ సేకరణకు పట్టుబట్టి, పెంపక కేంద్రాల్లో డబ్బు పుచ్చుకుని కాల్పించడాన్ని నిషేధింపజేశారు. మోంటానా చేయగలిగింది టెక్సాస్ చట్టసభ చేయలేకపోవడానికి కారణం రాంచ్‌ల రాబడి తప్ప మరొకటి లేదు.

హైదరాబాద్ వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటభూమి. ఇప్పుడు అక్కడి కంచె కృష్ణజింకలను మనుషుల నుంచి కాపాడుతోంది. నారాయణపేట జిల్లా కృష్ణా తీరంలో కృష్ణజింకల మంద పడి చేను పోగొట్టుకునే రైతు తుపాకీ పట్టడు, కేకలేసి తరుముతాడు. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. పంట పోయినవాడే ఓర్చుకుంటుంటే డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో, ఆస్టిన్‌లోనో కడుపు నిండిన మనవాళ్లకు ఈ వారాంతపు ప్యాకేజీల మీద మోజెందుకు? అక్కడి చట్టం ఒప్పుకుంటుందనడం జవాబు కాదు. చచ్చిన జింక కొమ్ములు పట్టుకుని దిగే ఫొటోలో కంచె, ఫీడరు, చెవి బిళ్ల పడకుండా జాగ్రత్తపడతారు. ఆ మూడింటినీ ఎందుకు దాస్తున్నారో ముందు మీ పిల్లలకు చెప్పండి.